తెల్లబట్ట మన తప్పు కాదు: మందు వాడినా ఎందుకు తిరిగొస్తుందో తెలుసుకుందాం

(ఆదివాసీ యువజన శిబిరంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం, చెప్పింది చెప్పినట్టే రాసి పెడుతున్నాను.)



నాకిచ్చిన అంశం ఆరోగ్య హక్కు. డోలీల గురించి మాట్లాడతాననుకొని ఉంటారు. రోడ్డు లేని ఊళ్లు, రాని అంబులెన్సు, దారిలోనే కాన్పులు... వీటి గురించి చాలాసార్లు మాట్లాడాం, ఇంకా మాట్లాడతాం. ఇవాళ మాత్రం డోలీ ఎక్కని జబ్బు గురించి మాట్లాడతాను. దీనికి జ్వరం రాదు. మనిషి పడిపోదు. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడానికి ఏమీ ఉండదు. ఆడమనిషి దీన్ని ఏళ్ల తరబడి ఒక్కతే మోస్తుంది, పక్కనున్న అక్కకి కూడా చెప్పదు.

తెల్లబట్ట. అందులోనూ వాసన వచ్చే తెల్లబట్ట. మందు వేస్తే పోయి, నెల తిరక్కుండా మళ్లీ వచ్చేది.

వెనక బెంచీల్లో నవ్వుతున్నారు. పర్వాలేదు, నవ్వండి. ఈ మాట మైకులో వినడం మీకిదే మొదటిసారి కావచ్చు, నాకూ మైకులో అనడం ఇదే మొదటిసారి. కానీ తమ్ముళ్లూ, చివరిదాకా ఉండండి. ఇందులో మీ పని కూడా ఉంది.

మా చిన్నమ్మ సంగతి చెప్తాను. చెప్పమని ఆమే అంది. ఆమెకి ముప్పై రెండేళ్లు. మూడేళ్లు ఈ బాధ పడింది. మొదట ఊళ్లోకొచ్చే ఆర్‌ఎంపీ సూది వేసి మాత్రలిచ్చాడు. తగ్గింది, మళ్లీ వచ్చింది. తర్వాత ఆసుపత్రిలో మాత్రలిచ్చారు. తగ్గింది, మళ్లీ వచ్చింది. ఆ తర్వాత పాత చీటీ పట్టుకొని మందుల షాపుకి తానే వెళ్లడం మొదలుపెట్టింది. సంతలో జనం మధ్య నిలబడ్డం మానేసింది. సంఘం మీటింగులో గుమ్మం దగ్గర కూర్చునేది, వాసన ఎవరికైనా తెలుస్తుందేమోనని. ఒకచోట నర్సమ్మ అందంట: "మీరు శుభ్రంగా ఉండరమ్మా, అందుకే వస్తుంది." ఆ మాట పట్టుకొని మా చిన్నమ్మ రోజుకి రెండుసార్లు సబ్బుతో, డెట్టాలుతో లోపలిదాకా కడుక్కోవడం మొదలుపెట్టింది. బాధ ఇంకా ఎక్కువైంది.

ఆఖరికి టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, గర్భసంచి పాడైంది, తీసెయ్యాలి, లేకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు. డబ్బుకోసం బాబాయి ఎడ్ల జత బేరం పెట్టాడు. అప్పుడు ఇంట్లో విషయం నాదాకా వచ్చింది. నేనడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏం టెస్టు చేశారు చిన్నమ్మా?" మూడేళ్లలో, అన్ని చోట్లా కలిపి, ఒక్కరు కూడా టెస్టు చెయ్యలేదు. మూడేళ్లూ ఊహ మీదే మందు నడిచింది. చివరికి ఊహ మీదే గర్భసంచి తీయబోయారు.

అసలు ఈ జబ్బేంటో ముందు చూద్దాం.

తెల్ల అవడం అంతా జబ్బు కాదు. నెల మధ్యలో నీళ్లలా, గుడ్డులోని తెల్లసొనలా కొంచెం అవడం ఒంటి లక్షణం. ఆశ్రమ పాఠశాలల్లో చదివే చెల్లెళ్లు దీనికే భయపడి వార్డెన్‌కి చెప్పలేక ఏడుస్తుంటారు. వాసన, దురద, మంట, నొప్పి లేకపోతే భయపడక్కర్లేదు.

జబ్బుగా మారినప్పుడు ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. విరిగిన పాలలా ముద్దముద్దగా అయి, బాగా దురద పెడితే అది ఎక్కువగా ఫంగస్. పసుపుపచ్చగా, నురగతో, మంటతో వస్తే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. పలచగా, బూడిదరంగు తెలుపులో, చేపల వాసనతో వస్తే, ముఖ్యంగా భర్తతో కలిసిన తర్వాత, నెలసరి తర్వాత ఆ వాసన పెరిగితే, అది బ్యాక్టీరియల్ వజైనోసిస్ కావచ్చు. పేరు పెద్దది, డాక్టర్లు బీవీ అంటారు, మనమూ అలాగే అందాం. మూడింటికి మందులు వేరు. కంటితో చూసి, మాట విని ఇది ఫలానా అని చెప్పెయ్యడం డాక్టరుకే కష్టం. పైగా బీవీ ఉన్న చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు.

బీవీ బయటినుంచి ఒక క్రిమి వచ్చి పడటం లాంటిది కాదు. యోనిలో సహజంగా మంచి బ్యాక్టీరియా ఉంటుంది, లాక్టోబాసిల్లస్ అంటారు. అది అక్కడ పులుపు తయారుచేస్తుంది, ఆ పులుపు మిగతా క్రిముల్ని పెరగనివ్వదు. ఏదో కారణంతో ఈ మంచివి తగ్గితే, గార్డ్‌నరెల్లా లాంటివి కమ్మేస్తాయి. చేనులో పైరు పలచబడితే కలుపు ఎక్కుతుంది కదా, అలాగే.

మరి శుభ్రం సంగతి? ఇక్కడ జాగ్రత్తగా వినండి. బీవీ మురికి వల్ల వచ్చే జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో 23 నుంచి 29 శాతం మందికి ఇది ఉంటుంది. నగరాల్లో, ధనిక దేశాల్లో, రోజూ షవర్ కింద స్నానం చేసేవాళ్లకీ వస్తుంది. నిజం చెప్పాలంటే, లోపల సబ్బు, డెట్టాలు పెట్టి కడిగేవాళ్లకే ముప్పు ఎక్కువ. కడిగినకొద్దీ పైరు కూడా కొట్టుకుపోతుంది. "మీరు శుభ్రంగా ఉండరు" అన్న మాట వైద్యంగా తప్పు, మనిషిగా అవమానం. ఆ మాట ఆదివాసీ ఆడదానితో ఎందుకంత తేలిగ్గా అనగలుగుతున్నారో మీకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మందు వేస్తే తగ్గుతుంది, మరి ఎందుకు తిరిగొస్తుంది?

ఒకటి, జబ్బే మొండిది. సరైన మందు పూర్తిగా వాడినా సగంమందికి పైగా ఏడాదిలోపు తిరిగి వస్తుంది. ఇది మన ఏజెన్సీ లెక్క కాదు, మంచి ఆసుపత్రులున్న ఆస్ట్రేలియాలో తేలిన లెక్క. కారణం ఏమంటే, ఈ బ్యాక్టీరియా యోని గోడల మీద జిగటగా పొరకట్టి కూర్చుంటుంది. గెడ్డలో రాళ్లకి పాకుడు పడుతుంది చూడండి. పైన నీళ్లు ఎంత పారినా పాకుడు పోదు. మందు పైన తేలేవాటిని చంపుతుంది, పొర అడుగున కొన్ని మిగిలిపోతాయి, మళ్లీ పెరుగుతాయి. కాబట్టి మళ్లీ వచ్చిందంటే మందు దొంగదనీ కాదు, నువ్వు తప్పు చేశావనీ కాదు.

రెండు, జబ్బు ఒకటి, మందు ఒకటి. ఫంగస్‌కి బీవీ మందు, బీవీకి ఫంగస్ మందు. లేదంటే ఆర్‌ఎంపీ ఇచ్చే ఏదో యాంటీబయాటిక్ సూది. అది మంచి బ్యాక్టీరియాని కూడా చంపి పనిని ఇంకా చెడగొట్టవచ్చు.

మూడు, సగం కోర్సు. బీవీకి ఎక్కువగా రాసేది మెట్రోనిడజోల్ మాత్ర, రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు. మన దగ్గర 400 మిల్లీగ్రాముల మాత్ర దొరుకుతుంది. నోరంతా ఇనుము నాకినట్టుంటుంది, కడుపులో తిప్పుతుంది. మూడో రోజుకి వాసన పోతుంది. "తగ్గింది కదా" అని మిగతావి గూట్లో పెట్టేస్తాం. ఇంకో సంగతి, కల్లు. ఈ మాత్ర వాడేటప్పుడు కల్లు, సారా వద్దని డాక్టర్లు చెప్తారు. పండగ రోజుల్లో, జీలుగు కల్లు కాలంలో మన ఇళ్లల్లో ఏం జరుగుతుంది? కల్లు మానరు, మాత్ర మానేస్తారు. అక్కా, ఆ ఏడు రోజులు కల్లు ఆపు. ఆపలేక ఒక పూట తాగావనుకో, మిగతా మాత్రలు పారెయ్యకు. ఏఎన్‌ఎంని అడుగు, కోర్సు పూర్తి చెయ్యి. తిన్నాక వేసుకుంటే వికారం కాస్త తగ్గుతుంది.

నాలుగు, మగవాళ్లు. తమ్ముళ్లూ, మీ వంతు వచ్చింది.

చాలా ఏళ్లు డాక్టర్లు బీవీకి భర్తకి మందు అవసరం లేదన్నారు. పాత పరిశోధనల్లో మగవాళ్లకి మాత్రలే ఇచ్చి చూశారు, ఫలితం రాలేదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పరిశోధకులు వేరేగా చేశారు. ఈ బ్యాక్టీరియా మగవాడి అంగం చర్మం మీద కూడా ఉంటుంది కాబట్టి, మాత్రతోపాటు పైన రాసే మందు కూడా ఇచ్చారు. ఒకరితో ఒకరే ఉన్న 164 జంటలు. సగం జంటల్లో ఆడవాళ్లకే మందు. మిగతా సగంలో మగవాళ్లకి కూడా ఏడు రోజులు మెట్రోనిడజోల్ మాత్ర, క్లిండమైసిన్ క్రీము రోజుకి రెండుసార్లు. పన్నెండు వారాల్లో, ఆడవాళ్లకే మందిచ్చిన జంటల్లో 63 శాతం మందికి తిరిగొచ్చింది. ఇద్దరికీ ఇచ్చిన చోట 35 శాతం మందికే వచ్చింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే పరిశోధనని మధ్యలోనే ఆపేశారు. 2025 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది.

అర్థమైందా? పాపం మా చిన్నమ్మ ఇన్నేళ్లూ తన ఒక్క ఒంటినే కడుక్కుంది, తిట్టుకుంది.

ఇది విని ఇంటికెళ్లి "నువ్వు తెచ్చావా, నేను తెచ్చానా" అని గొడవ పడకండి. బీవీ ఉందంటే ఎవరో దారి తప్పారని అర్థం కాదు. ఇద్దరి చర్మం మీద ఉండే క్రిములు ఇటూ అటూ మారుతుంటాయి, అంతే. మీరు చెయ్యాల్సింది, మళ్లీ మళ్లీ వస్తుంటే ఆమెతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లి "నాకూ మందు కావాలా?" అని అడగడం. మందు వాడినన్ని రోజులు దూరంగా ఉండటం, లేదా కండోమ్ వాడటం. ఆడదాన్ని బస్సెక్కించి మగాడు ఊళ్లో కూర్చునే జబ్బు కాదిది.

ఇక ఏం చెయ్యాలో చెప్తాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

ప్రభుత్వ జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది. సుఖవ్యాధులకి, ఇలాంటి సమస్యలకి ఉచితంగా చూసి మందిచ్చే చోటు. పేరు చూసి సిగ్గుపడకండి, వివరాలు బయటికి చెప్పకూడదు. తెల్లబట్టకి అక్కడిచ్చేది పచ్చరంగు ప్యాకెట్, రెండో నంబరు కిట్. అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి, ఒకేసారి వేసుకోవాలి. టెస్టు లేనిచోట బీవీకీ ఫంగస్‌కీ కలిపి ఇచ్చే మందు అది. మొదటిసారికి మంచిదే. కానీ అదే ప్యాకెట్ మూడోసారి, నాలుగోసారి చేతిలో పెడుతుంటే ఆగి అడగాలి: "పరీక్ష చేసి చూడండి."

పరీక్ష అంటే స్కానింగు కాదు, హైదరాబాద్‌కో విశాఖకో పోవడం కాదు. 1983 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. నాలుగు గుర్తులు చూస్తారు. పలచగా ఒకేలా ఉన్న స్రావం ఉందా? పీహెచ్ కాగితం పెడితే 4.5 దాటిందా? పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే చేపల వాసన వచ్చిందా? మైక్రోస్కోప్ కింద బ్యాక్టీరియా అంటుకున్న కణాలు కనిపించాయా? నాలుగింటిలో మూడుంటే బీవీ. ఇప్పుడు ఆలోచించండి. మన ఏజెన్సీ పీహెచ్‌సీల్లో ఇంకేమున్నా లేకపోయినా మైక్రోస్కోప్ ఎందుకుంటుంది? మలేరియా రక్తపు స్లైడు చూడ్డానికి. ఆ స్లైడు చూసే ల్యాబ్ టెక్నీషియనే, ఆ మైక్రోస్కోప్‌తోనే, నేర్పిస్తే ఈ స్లైడు కూడా చూడగలడు. పీహెచ్ కాగితం ఖరీదు కొద్ది రూపాయలు. ఇది డబ్బుల్లేక ఆగిన పని కాదు. మన ఆడవాళ్ల బాధని ఎవరూ లెక్కలోకి తీసుకోక ఆగిన పని.

బీవీ అని తేలి, కోర్సు పూర్తిచేసినా తిరిగొస్తే దారి ఉంది. అదే మందు మరోసారి ఇవ్వచ్చు, లేదా మార్చి క్లిండమైసిన్ ఇవ్వచ్చు. ఆ తర్వాత మెట్రోనిడజోల్ జెల్ వారానికి రెండుసార్లు, మూడు నెలలకి పైగా లోపల పెట్టుకునే పద్ధతి ఉంది. అది వాడుతున్నంతకాలం రాకుండా ఆపుతుంది, ఆపేశాక కొందరికి మళ్లీ రావచ్చు. ఈ నిజం ముందే తెలిస్తే మనసు విరగదు. బోరిక్ యాసిడ్ గుళికలు కూడా కొందరు డాక్టర్లు లోపల పెట్టుకోవడానికి రాస్తారు. దయచేసి క్యారమ్ బోర్డు పొడి తెచ్చి ప్రయోగాలు చెయ్యకండి. అది నోట్లోకి పోతే విషం, గర్భిణులు అసలు వాడకూడదు. కాపర్-టీ ఉన్నవాళ్లలో బీవీ కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, ఉంటే డాక్టరుకి చెప్పండి. పెరుగు, వేపాకు, వెల్లుల్లి, పసరు ఏదీ లోపల పెట్టొద్దు. మన నాటువైద్యాన్ని తక్కువ చేసి అనడం లేదు. ఆ చోటు మాత్రం నీళ్లతో పైపైన కడిగితే చాలు.

కొన్నిటికి ఆగకూడదు. గర్భిణికి వాసనతో తెల్లబట్ట అయితే వెంటనే చూపించాలి. బీవీకీ నెలలు నిండకుండా కాన్పు అవడానికీ సంబంధముంది, గర్భంలో వాడగల మందులున్నాయి. పొత్తికడుపు నొప్పితో జ్వరం, కలిసినప్పుడు రక్తం, ముట్లు ఆగిపోయాక రక్తం, పుండ్లు... ఇవి బీవీ కావు, వేరే జబ్బులు, ఆలస్యం చెయ్యొద్దు. బీవీ ఉంటే హెచ్‌ఐవీ అంటుకునే ముప్పు కూడా పెరుగుతుంది, కాబట్టి "ఏముందిలే" అని వదిలెయ్యకూడదు.

ఇప్పుడు గర్భసంచి మాట. బీవీ యోనిలో ఉంటుంది, గర్భసంచి తీసినా యోని అక్కడే ఉంటుంది. కాబట్టి గర్భసంచి తియ్యడం బీవీకి వైద్యం కాదు. బీవీ ముదిరి క్యాన్సర్ అవుతుందని భయపెట్టడం కూడా తప్పు. క్యాన్సర్ భయముంటే దానికి వేరే పరీక్ష ఉంది. ముప్పై దాటిన ఆడవాళ్లకి గర్భాశయ ముఖద్వారం మీద ఎసిటిక్ యాసిడ్ రాసి చూసే పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. అడిగి చేయించుకోండి.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ల గర్భసంచులే అంత ఎక్కువగా పాడవుతాయా? 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అనవసరంగా గర్భసంచులు తియ్యడాన్ని ఆపే మార్గదర్శకాలు అమలు చెయ్యమని రాష్ట్రాలకి చెప్పింది. ఎవరైనా తియ్యాలంటే మీరడగాల్సినవి మూడు: ఏ టెస్టు చేశారు? కాగితం ఏది? ఇంకో డాక్టరుకి చూపించుకొని వస్తాం.

మన పక్కనే జరిగిన ఒక పని గుర్తుచేసి ముగిస్తాను. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అటూ ఇటూ మన గోండు చుట్టరికాలే. అక్కడ డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లని పరీక్ష చేసి 1989లో లాన్సెట్ పత్రికలో రాశారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీల జబ్బు ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నది 8 శాతం మందే. అంతవరకు పల్లెల్లో ఆడవాళ్ల ఆరోగ్యం అంటే కాన్పు, కుటుంబ నియంత్రణ అనే అనుకునేవారు. వాళ్లు ఊళ్లోకి వెళ్లి, అడిగి, చూశారు కాబట్టి ప్రపంచానికి తెలిసింది. ముప్పై ఐదేళ్లు దాటింది. మన ఊళ్లో ఇంకా ఎవరూ అడగలేదు. మనమే అడుగుదాం.

అడగాల్సినవి పెద్దవేం కాదు. పీహెచ్‌సీలో నెలకి కనీసం రెండు రోజులు లేడీ డాక్టరు, తలుపు వేసుకునే గది, ఆ మైక్రోస్కోప్‌తో ఈ పరీక్ష, మన భాష తెలిసిన మనిషి. కోయలోనో కువిలోనో బాధ చెప్పుకునే అమ్మ, తెలుగు మాట దొరక్క "కడుపు నొప్పి" అని చెప్పి గ్యాస్ మాత్రలు తీసుకొని వస్తోంది. వచ్చే గ్రామసభలో ఈ నాలుగూ తీర్మానంగా రాద్దాం. ఐటీడీఏ పీవోకి ఇద్దాం. తీర్మానంలో "మహిళల సమస్యలు" అని గుండ్రంగా రాయొద్దు. తెల్లబట్ట అని రాద్దాం.

మా చిన్నమ్మకి టెస్టు చేశారు, బీవీ అన్నారు. కోర్సు పూర్తిచేసింది. ఒకసారి తిరిగొచ్చింది, ఈసారి బాబాయి కూడా మందు వాడాడు. మళ్లీ ఎప్పుడైనా రావచ్చని ఆమెకి తెలుసు, వస్తే ఎక్కడికెళ్లాలో కూడా తెలుసు. గర్భసంచి ఆమె దగ్గరే ఉంది. ఎడ్లు కొట్టంలోనే ఉన్నాయి. మొన్న సంఘం మీటింగులో గుమ్మం దగ్గర కాకుండా ముందు వరసలో కూర్చుంది.

ఇంటికెళ్లాక మీ అమ్మనో, అక్కనో, భార్యనో ఒక్క మాట అడగండి. ఆడపిల్లలైతే సూటిగా అడగండి. మగపిల్లలైతే "ఆసుపత్రికి తోడు రానా?" అని అడగండి, చాలు.

జోహార్. జై ఆదివాసీ.